ఐదుగురికే ఎందుకు పోతది?

పోయిన ఎపిసోడ్‌ల నేను ఫోన్ ముచ్చట్లు చెప్తుంటే ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, వాట్సాప్‌ల మెసేజ్ ఒక్కసారి ఐదుగురికంటే ఎక్కువ మందికి ఎందుకు పోదు?" మైకు ముందు నవ్వి తప్పించుకున్న. జవాబు తెలవక కాదు. అది చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలె, అందుకే ఆగిన.

నేను గల్ఫ్‌కు వచ్చిన కొత్తల కార్డు గీకి, నంబర్లు నొక్కి, నిమిషాలు లెక్కబెట్టుకుంట మాట్లాడేది. నాకంటే ముందు వచ్చినోళ్లు క్యాసెట్ల మాటలు నింపి, ఊరికి పోయేటోళ్ల చేతికిచ్చి పంపేటోళ్లు. అప్పట్ల ఊర్ల పుట్టిన పుకారు సోనాపూర్ క్యాంపుకు చేరాలంటే ఎవరన్నా విమానం ఎక్కాల్సిందే. 2009ల వాట్సాప్ వచ్చింది. అందరి చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చినంక పుకారుకు టికెట్టూ అక్కర లేదు, వీసా కూడా అక్కర లేదు.

2018 ఎండాకాలం. పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని ఒకటే మెసేజ్‌లు. దాని ఎంబడి ఒక వీడియో: బైకు మీద ఇద్దరొచ్చి గల్లీల ఆడుకునే పిల్లగాణ్ణి ఎత్తుకపోతరు. అది మన దేశంల జరిగింది కాదు. పాకిస్తాన్‌లోని కరాచీల, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పడానికి తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్ల ఆ బైకోళ్లే పిల్లగాణ్ణి తిరిగి తెచ్చి దించుతరు. ఆ చివరి ముక్క ఎవరో కోసేసిన్రు. మే నెలల హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపిన్రు.

ఆ వీడియో నేను కూడా పంపిన. డ్యూటీ దిగి, బంకు మీద పడుకొని, మా ఊరి గ్రూపుకు. "పిల్లలు జాగ్రత్త" అని కింద రాసిన కూడా. దుబాయిల సూపర్‌వైజర్ పంపిండంటే ఊర్ల ఒక లెక్క ఉంటది కదా! వారం తిరగకముందే వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన్ను మా ఊర్ల వేపచెట్టుకు కట్టేసి కొట్టిన్రు. పాణం దక్కింది. మా బామ్మర్ది ఫోన్ చేసి అన్నడు: "బావా, నువ్వు పంపిన వీడియోనే చూపిచ్చుకుంట కొట్టిన్రు."

అదే సమయంల జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి ఇంకో దారి పట్టింది. ఊరికి ఒక కానిస్టేబుల్‌ను బాధ్యుణ్ణి చేసింది, వాళ్లను ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించింది, డప్పు కొట్టి పాటలు పాడిస్తూ పుకార్ల సంగతి చెప్పించింది. చదువు రానోళ్లకు కూడా వీడియో చేరుతది గానీ, దాన్ని తప్పని చెప్పే పేపర్ చేరదు కదా. నేను మైకు పట్టుకున్నది ఆమె పని గురించి చదివినంకనే.

ఆ జులైలనే వాట్సాప్ "ఫార్వర్డెడ్" అని ముద్ర వేసుడు మొదలుపెట్టింది, ఇండియాలో ఐదు చాట్‌ల హద్దు పెట్టింది. 2019 జనవరిల అది ప్రపంచమంతా వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి, చేతులు బాగా మారిన మెసేజ్ అయితే ఒక్కసారికి ఒక్క చాట్‌కే పోతది. తమ్ముడూ, ఇదీ నీ ప్రశ్నకు జవాబు.

ఇక్కడి సంగతి వేరే. యూఏఈల 2022 జనవరి 2 నుంచి కొత్త సైబర్ చట్టం నడుస్తున్నది. పుకారు పంచితే కనీసం ఏడాది జైలు, కనీసం లక్ష దిర్హమ్‌ల జరిమానా. మన ఎన్ని నెలల జీతమో మీరే లెక్కేసుకోండ్రి.

ఆ గిన్నెలాయన మళ్ల మా ఊరికి రాలేదట. మా అమ్మ ఇప్పటికీ రాలిన వెంట్రుకలు సంచిల దాస్తనే ఉన్నది.