పిలిచిన వారెవరు?



శ్రావణమాసం వచ్చిందంటే మన ఇళ్ళల్లో పేరంటాల సందడి మొదలవుతుంది. బొట్టు పెట్టి పిలిస్తేనే వెళతాం. పిలవకుండా వెళితే "పిలవని పేరంటం" అని పెద్దవాళ్ళు దెప్పిపొడుస్తారు. ఎవరు పిలిచారు, మనసారా పిలిచారా, మాటవరసకు పిలిచారా అన్నది మనం గుమ్మంలోనే ఇట్టే కనిపెట్టేస్తాం. "పిలుపు" అనే మాట బరువు ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదంటే అతిశయోక్తి కాదు.

ఆ మధ్య కోహెడలో మా బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాటే మరో అర్థంలో విన్నాను. ఇబ్రహీంపట్నం తాలూకాలో ఒకప్పుడు మారుమూల పల్లె అది. ఇప్పుడు రింగు రోడ్డు పక్కకు వచ్చేసి పట్నంలో కలిసిపోతున్నది. పక్కింటి క్రైస్తవ ఇల్లాలు వచ్చి కూర్చుంది. నర్సు చదువు పూర్తిచేసిన కూతురు ఒరిస్సా అడవుల్లో కోయవాళ్ళ మధ్య మిషనరీగా పనిచేస్తానంటున్నదట. భాష రాదు, అక్కడ తెలిసినవాళ్ళు లేరు. "దేవుడు పిలిచాడంటుంది అక్కయ్యా. అది నిజంగా పిలుపేనా, వయసులో పుట్టే ఉబలాటమా? తల్లిని, నాకెట్లా తెలియాలి?" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు నేనేమీ చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆ తల్లి ప్రశ్నకు మన తెలుగునేల చరిత్రలోనే జవాబు ఉన్నదనిపించింది. ఇక్కడ నేను ఏ మతానికీ వకాల్తా పుచ్చుకోవడం లేదు. పరాయి మనుషుల మధ్యకు వెళ్ళి బతికినవాళ్ళు తమ పిలుపును ఎలా తెలుసుకున్నారు, దాన్ని ఎలా నిలబెట్టుకున్నారు అన్నదే నా ప్రశ్న.

ముందు గుంటూరుకు వెళదాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1856లో పుట్టిన ఆనా కుగ్లర్ 1879లో వైద్యవిద్య పూర్తిచేశారు. ఆడపిల్ల డాక్టరు కావడమే వింతగా ఉన్న రోజులవి. ఆవిడ ఒక ఆస్పత్రిలో ఉద్యోగం చేసుకుంటూ ఉండగా, తెలుగుదేశంలో పనిచేస్తున్న ఒక మిషనరీ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి స్త్రీలకు వైద్యం చేసే స్త్రీ డాక్టరు కావాలని దాని సారాంశం. ఆవిడ కదిలిపోయారు. లూథరన్ సంఘంవారి మిషను బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నారు.

బోర్డువారు ఏమన్నారో తెలుసా? స్త్రీలకు వైద్యసేవ ప్రారంభించే ఉద్దేశం తమకింకా లేదన్నారు. ఆడపిల్లల బడుల్లోనూ, ఘోషా ఇళ్ళల్లోనూ చదువు చెప్పడానికైతే పంపుతామన్నారు. మనమైతే "డాక్టరు చదువు చదివి అక్షరాలు దిద్దించడమేమిటి?" అని ఊరుకునేవాళ్ళం. కుగ్లర్ సరేనన్నారు. కాకపోతే వైద్యానికి కావలసిన సామాను మాత్రం వెంట తెచ్చుకున్నారు. 1883లో గుంటూరు చేరి, చెప్పిన పనే చేస్తూ తెలుగు నేర్చుకున్నారు. జబ్బుచేసిన వాళ్ళు గడప తొక్కితే వెనక్కి పంపలేదు. మొదటి ఏడాదే వందలమంది వచ్చారు. ఆ సంగతి తెలిశాక, 1885లో బోర్డువారే ఆవిడను వైద్య మిషనరీగా నియమించారు. డిస్పెన్సరీ వెలసింది, ఆ తరవాత ఆస్పత్రి లేచింది.

ఆ రోజుల్లో పై కులాల ఇళ్ళవాళ్ళకు ఆవిడ స్పర్శ మైల. మడి, మైల పాటించే ఇళ్ళల్లోకి అడుగుపెట్టడానికి ఎంత ఓర్పు కావాలో మనకు వేరే చెప్పాలా? అటువంటిది తరవాత తరవాత, ఏలూరు ప్రాంతపు జమీందారు ఒకరు తన భార్యకు ఆవిడ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆస్పత్రి దగ్గర సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చేవాళ్ళు అక్కడ దిగి, తమ ఆచారం ప్రకారం వండుకు తినే వీలు కలిగింది. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చి అప్పటికి 47 ఏళ్ళు.

ఇక్కడొక సంగతి గమనించారా? ఆవిడకు మొదటి పిలుపు ఉత్తరం రూపంలో వచ్చింది. రెండో పిలుపు గుంటూరు ఆడవాళ్ళ దగ్గరనుంచి, "అమ్మా, మా ఇంటికి ఒక్కసారి రండి" అనే మాటగా వచ్చింది. ఈ రెండింటి మధ్యా నిరాశ ఉంది, నిరీక్షణ ఉంది, భాష నేర్చుకోవడం ఉంది.

కోహెడకు దగ్గరలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. రింగు రోడ్డెక్కి పడమరగా వెళితే శంషాబాదు వస్తుంది. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటినుంచి ఆ పేరు చెబితే మనకు విమానాలే గుర్తుకొస్తాయి. అంతకు ఎంతో ముందు, పల్లెవాళ్ళు బళ్ళు కట్టుకుని అక్కడి మిషనాస్పత్రికి వచ్చేవారు. ఆ ఆస్పత్రిలో పనిచేసిన డాక్టరు కాథరీనా షెల్లెన్‌బెర్గ్ 1870లో దక్షిణ రష్యాలో, జర్మను మాట్లాడే మెన్నోనైట్ కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికాకు వలసపోయి కాన్సస్ రాష్ట్రంలో పెరిగారు. డాక్టరై 1907లో నైజాం రాజ్యానికి వచ్చారు. ఇంట్లో జర్మను, చదువు ఇంగ్లీషు, పని తెలుగు! పెళ్ళి చేసుకోలేదు. 1945లో శంషాబాదులోనే ఆవిడ జీవితం ముగిసింది. ఘోషా వల్లనో, సిగ్గు వల్లనో మగ డాక్టరుకు చెయ్యి చూపించలేని ఆడవాళ్ళున్న ఆ కాలంలో ఆడడాక్టరు విలువ ఏమిటో మన అమ్మమ్మలకు తెలుసు.

మిషనరీ అంటే దొరసాని, తెల్లవాళ్ళే వస్తారు అని మీరనుకుంటూ ఉండవచ్చు. కాదు. మన తెలంగాణా గడ్డకు వచ్చినవారిలో అందరికన్నా పేరుపొందిన మిషనరీ మన దేశస్థుడే, మన పొరుగు తమిళుడు. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విలై అనే ఊళ్ళో 1874లో పుట్టారు. తండ్రి పల్లెటూరి గురువు. కొడుకు పదిహేనో ఏటనే ఆయన పోతే తల్లి ఎల్లెన్ పిల్లవాణ్ణి క్రమశిక్షణతో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శి అయ్యారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళాడారు. ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలి తరంలో ఆవిడ ఒకరు. దేశమంతా తిరిగే ఉద్యోగం, మంచి పేరు, చక్కని సంసారం. ఇంకేం కావాలి?

1902లో అజరయ్య సింహళంలోని యాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమవాళ్ళను వేరే ప్రాంతాలకు సేవకు పంపుతున్నారని తెలుసుకున్నారు. వాళ్ళకన్నా ఎంతో పెద్దదైన తిరునల్వేలి సంఘం విదేశీయుల సాయంమీద నడుస్తూ, తాను మాత్రం ఎవరినీ పంపడం లేదు. ఆ సిగ్గు ఆయన్ను నిద్రపోనివ్వలేదు. తిరిగివచ్చి 1903లో మిత్రులతో కలిసి తిరునల్వేలి భారత మిషనరీ సంఘాన్ని స్థాపించారు. మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే, యాజమాన్యమూ మనదే అన్నది దాని నియమం. 1904లో ఆ సంఘం తరఫున తొలి కార్యకర్త నైజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి వచ్చాడు. డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది. సింగరేణి బొగ్గు రైళ్ళ జంక్షనుగా మీకు తెలిసే ఉంటుంది.

ఇక్కడే అసలు పరీక్ష వచ్చింది. సభలు పెట్టి, ఉపన్యాసాలిచ్చి, కుర్రవాళ్ళను "వెళ్ళండి, వెళ్ళండి" అని పంపుతున్న మనిషి తాను వెళ్ళకుండా ఉండగలడా? ఆ ప్రశ్న అజరయ్యను వదల్లేదు. 1909లో ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, ముప్ఫై అయిదో ఏట డోర్నకల్ చేరారు. పంపే పెద్దమనిషి పోయి, తెలుగు అ ఆలు దిద్దుకునే విద్యార్థి అయ్యాడన్నమాట!

అన్బమ్మ సంగతి ఆలోచించండి. పుస్తకాల్లో భర్త పిలుపు గురించి పేజీలకు పేజీలు రాస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని, తెలియని భాషలో పాలవాడితో, చాకలితో మాట్లాడి ఇల్లు నిలబెట్టిన ఇల్లాలి పిలుపు ఎవరికి పడుతుంది? అయినా ఆవిడ ఇంటికే పరిమితం కాలేదు. తెలుగు నేర్చుకుని పల్లె ఆడవాళ్ళ మధ్య తిరిగారు, తల్లుల సమాజం పని నడిపించారు. డోర్నకల్‌లో గురువులయ్యే మగవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ భార్యలకు కూడా చదువు చెప్పేవారు. ఇంటావిడకు తెలియని పిలుపు ఊళ్ళో నిలవదని వాళ్ళు గ్రహించారు.

1910లో స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అజరయ్యకు మాట్లాడే అవకాశం వచ్చింది. ఆ సభలో ఆయన చెప్పిన మాట చాలామందికి చురుక్కుమనిపించింది. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ఒళ్ళు కాల్చుకున్నారు, అందుకు కృతజ్ఞులమే. మాకు కావలసింది స్నేహం, స్నేహితులనివ్వండి అన్నారు. తెల్ల మిషనరీలు తమతో కలిసి పనిచేసే భారతీయులను సాటివారిగా ఇంటికి పిలిచి భోజనం పెట్టడం అరుదన్న బాధ అందులో ఉంది. చూశారా, మళ్ళీ పేరంటం దగ్గరికే వచ్చాం! సాయం చేసేవాడు పైమెట్టు మీద నిలబడితే అది దానమే అవుతుంది గాని స్నేహం కాదు.

1912లో అజరయ్య డోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. పదవి వచ్చాక కూడా ఆయన పల్లెల వెంట తిరగడం మానలేదు. మాల మాదిగ పేటల్లో మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు భూతాలతో పోరాడమని చెప్పేవారు. పేదవాళ్ళను ఊరికే పుచ్చుకునేవాళ్ళుగా ఉంచలేదు. అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి సంఘానికి వేరుగా పెట్టేది. ఆ పిడికెడు బియ్యంలోనే పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చెయ్యిగా మారింది. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ పెద్ద చర్చిని చూస్తే స్తంభాల్లో దేవాలయ శిల్పమూ, గుమ్మటాల్లో మసీదు పోకడా కలిసి కనిపిస్తాయి. ఇంగ్లండు నుంచి ఊడబెరికి తెచ్చి నాటినట్టుండదు.

అయితే, అందరూ ఆయన్ను మెచ్చుకోలేదు. 1930ల్లో పల్లెలకు పల్లెలు మతం మారడాన్ని గాంధీగారు తీవ్రంగా ఆక్షేపించారు. సేవ చేస్తే చేయండి, దాన్ని మతం మార్పిడికి ముడిపెట్టవద్దన్నది ఆయన వాదం. ఆ పేదలు తమంత తామే గౌరవమైన బతుకు వెతుక్కుంటూ వస్తున్నారు, కోరి మారే హక్కు వాళ్ళకు లేదా అన్నది అజరయ్య వాదం. ఇద్దరూ దేశభక్తులే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య వాదించిన సంగతి చాలామందికి తెలియదు. ఈ తగాదాకు తీర్పు చెప్పేంత దాన్ని కాను. కాని గాంధీగారి ప్రశ్న ప్రతి మిషనరీ తనను తాను వేసుకోవలసినదేనని నా నమ్మకం. వెళ్ళిన ఊరు నన్ను పిలిచిందా, నేనే తోసుకు వచ్చానా? ఆపదలో ఉన్నవాడి చేత అవుననిపించుకోవడం పిలుపు కాదు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే మరణించారు. తిరునల్వేలి బిడ్డ తెలుగు మట్టిలో కలిసిపోయాడు.

ఇప్పుడు ఆ కోహెడ తల్లికి నేను చెప్పదలచుకున్నదేమిటంటే,

అమ్మా, పిల్లను ఆపవద్దు, తొందరపెట్టవద్దు. ముందు కొంతకాలం ఆగమనండి. ఆగితే ఆరిపోయేది ఉబలాటం, ఆగినా ఆరనిది పిలుపు. కుగ్లరమ్మ బడిపంతులమ్మగా ఉంటూనే తన పని కోసం కాచుకుంది కదా! తరవాత ఆ కోయవాళ్ళ భాష నేర్చుకోమనండి. నేర్పడానికి వెళ్ళేవాళ్ళు ముందు నేర్చుకోవడానికి సిద్ధపడాలి. అజరయ్యంతటివాడే ముప్ఫై అయిదేళ్ళకు పలక పట్టాడు. మూడోది, ఆమెను పంపే పెద్దలను మీరే వెళ్ళి అడగండి. అక్కడ ఎవరితో ఉంటుంది, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, వద్దనుకుంటే తలెత్తుకుని తిరిగి రావచ్చా? ఇవి అడగడం అవిశ్వాసం కాదు, తల్లి ధర్మం.

ఇవన్నీ అయినా పిలుపు సగమే రుజువైనట్టు. మిగతా సగం అక్కడి గుడిసెల్లో తేలుతుంది. నొప్పులు పడుతున్న ఒక కోయ ఆడకూతురు అర్ధరాత్రి కబురంపి "నువ్వు రా" అన్ననాడు, మీ అమ్మాయి పిలవని పేరంటానికి వెళ్ళలేదని మీకు తెలుస్తుంది.

ఈ మాట ఆ ఒక్క ఇంటికే కాదు, మనందరికీ వర్తిస్తుంది. మేలు చేద్దామని పొరుగింటి గడప తొక్కేముందు ఒక్క క్షణం ఆగి, మనల్ని పిలిచిన వారెవరో అడుగుదాం.