తీగ మీద వినిపించిన దగ్గు

టెలిఫోను పుట్టి నాలుగేండ్లు నిండకముందే, 1879 నవంబరులో, లండను నుండి వెలువడే ‘లాన్సెట్’ వైద్యపత్రిక అమెరికాలో జరిగినదని ఒక ముచ్చటను ప్రచురించినది. అర్ధరాత్రి ఒక పసిబిడ్డకు దగ్గు వచ్చినది. క్రూప్ అనే ప్రమాదకరమైన గొంతువాపేమోనని తల్లి భయపడి అమ్మమ్మకు ఫోను చేసినది. అమ్మమ్మ డాక్టరును లేపినది. బిడ్డను ఫోను దగ్గరకు ఎత్తి దగ్గు వినిపించమన్నాడు డాక్టరు. విని, ఇది క్రూప్ కాదన్నాడు. ముగ్గురూ నిశ్చింతగా పడుకున్నారు. పత్రిక దీనిని కొంత నవ్వులాటగానే చెప్పినది. అయినా, దూరవైద్యానికి తొలి రోగులలో ఒకరు పసిబిడ్డ కావడం గమనింపదగినది. బిడ్డ ఇంట, అమ్మమ్మ ఇంట, డాక్టరు ఇంట మూడు చోట్లా ఫోను ఉండడం అంతకన్న గమనింపదగినది. ఆనాడు అది కలవారి సౌకర్యం.

మన తెలుగునాట ఈ విద్య 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండకు వచ్చినది. అక్కడి అపోలో ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరపు వైద్యులతో కలిపినారు. కాని ఉపగ్రహపు డిష్ ప్రతి పల్లెకూ రాలేదు. 2007లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 104 పద్ధతి ఇంతకన్న సాదా: మామూలు ఫోను, ఉచితంగా సలహా. 2019 నవంబరులో ‘ఇ-సంజీవని’ వచ్చినది. ఇందులో పల్లెలోని ఆరోగ్యకేంద్రం నుండి దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడవచ్చును. 2020 ఏప్రిల్ నుండి ఇంటినుండే మాట్లాడే వీలు కలిగినది.

ఇక బెల్లంపల్లి సంగతి. 1920ల దశకంలో బొగ్గు తవ్వకం మొదలైన తరువాత పెరిగిన పట్టణమిది. సింగరేణి కార్మికుని బిడ్డకు కంపెనీ వైద్యం కలదు. అదే డివిజనులోని నెన్నెల, కాసిపేట, ప్రాణహిత ఒడ్డున ఉన్న వేమనపల్లి వంటి మండలాలలో గోండు, కోలాము, నాయకపోడు కుటుంబాలకు ఆ హక్కు లేదు. ఇంట ఒకే సెల్‌ఫోను ఉంటే అది తండ్రి జేబులో పనికి పోతుంది. తల్లి మాట్లాడే కోలామీ తెరమీది డాక్టరుకు రాకపోవచ్చును. పెద్దల రోగానికైతే రోగే చెప్పుకుంటాడు. పసివాని రోగాన్ని మరొకరు చూసి చెప్పవలసినదే గదా! భారతదేశపు 2020 మార్చి నిబంధనలు కూడ పిల్లల పక్కన పెద్దవారొకరు ఉండి తీరాలన్నవి.

చూడవలసినది ఏమిటి? ముఖ్యంగా ఊపిరి. బిడ్డ ఏడవకుండా ఉన్నపుడు గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40, ఆపైన ఉంటే నిమోనియా అనుమానించాలి. సిగ్నలు సరిగా లేని చోట బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అట్టి బొమ్మలో ఎంత గొప్ప డాక్టరైనా ఊపిరిని లెక్కించలేడు. పక్కనున్న ఆశా కార్యకర్త లెక్కించగలదు, ఆ అంకెను ఎంత గరగరలాడే ఫోనులోనైనా చెప్పగలదు. పరికరానికి పెట్టే సొమ్ములో కొంత ఈమె శిక్షణకు పెట్టడం మేలు.

బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా తెర ముందు కాలయాపన తగదు. అత్యవసరంలో రోగిని వెంటనే ఆసుపత్రికి పంపాలని ఆ నిబంధనలే చెప్పుచున్నవి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు అప్పుడు వేమనపల్లి దాకా రావాలి. వానకాలంలో వాగులు పొంగితే ఆ దారికి పట్టే సమయాన్ని ఏ ఫోనూ తగ్గించదు.