కరువు నేలలో కర్బన రహిత ఆవాసాలు: కొండారెడ్డిపల్లి అనుభవం

నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లి 2025 సెప్టెంబరులో దక్షిణ భారతదేశంలో తొలి సంపూర్ణ సౌర విద్యుత్ గ్రామంగా గుర్తింపు పొందింది. గుజరాత్‌లోని మొధేరాను 2022 అక్టోబరులో దేశంలో తొలి సౌర గ్రామంగా ప్రకటించగా, రెండవ స్థానం ఈ గ్రామానికి దక్కింది. ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి స్వగ్రామమైన కొండారెడ్డిపల్లిని ప్రయోగాత్మక పథకం కింద ఎంపిక చేశారు.

గ్రామంలో అమలైన విధానం

గ్రామంలోని 514 ఇళ్లను సర్వే చేసి, పలకల బరువును మోయగల పక్కా కప్పు ఉన్న 480 ఇళ్లపై ఒక్కొక్కటి 3 కిలోవాట్ల సామర్థ్యంతో సౌర పలకలను అమర్చారు. 11 ప్రభుత్వ భవనాలపై మరో 60 కిలోవాట్లు ఏర్పాటయ్యాయి. మొత్తం సామర్థ్యం 1,500 కిలోవాట్లు, అనగా 1.5 మెగావాట్లు. ఒక్కో ఇంటిపై నెలకు సుమారు 360 యూనిట్లు ఉత్పత్తి కాగలవని అంచనా. వాడకం పోను మిగిలిన విద్యుత్తు గ్రిడ్‌కు చేరుతుంది. అందుకు కుటుంబానికి ఆదాయం లభిస్తుంది. కేంద్ర ప్రభుత్వ రాయితీతో పాటు పారిశ్రామిక సంస్థల సామాజిక బాధ్యత నిధులను ఇందుకు వినియోగించారు.

ఎడారి నగరం ఇచ్చిన పాఠం

అబుదాబిలో 2006లో ప్రకటించిన మస్దార్ నగరం ఎడారిలో కర్బన రహిత ఆవాసానికి ప్రపంచ ప్రసిద్ధమైన ప్రయత్నం. నీడనిచ్చే ఇరుకు వీధులు, గాలి గోపురం, సౌర క్షేత్రం అందులో భాగాలు. 2016 నాటికి పూర్తి కావలసిన ఆ నిర్మాణం గడువు పలుమార్లు పొడిగింపునకు గురైంది. ఎండ సమృద్ధిగా ఉన్నంత మాత్రాన లక్ష్యం సులభం కాదని ఆ అనుభవం తెలుపుతున్నది.

నీటికి కావలసిన విద్యుత్తు

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఎడారి కావు. అయితే కరువు, వలసలు ఈ ప్రాంతానికి చిరపరిచితం. కృష్ణా నది చెంతనే ప్రవహిస్తున్నా పొలాలు ఎగువన ఉండుటచే నీటిని ఎత్తిపోయక తప్పదు. మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో ఎల్లూరు, సింగోటం, గుడిపల్లిగట్టు వద్ద మూడు దశలలో పంపులు ఉన్నాయి. ఒక్కో పంపు సామర్థ్యం 30 మెగావాట్లు. ఒక్క పంపు నడవడానికి కొండారెడ్డిపల్లి వంటి 20 గ్రామాల పూర్తి సౌర సామర్థ్యం అవసరమన్నమాట. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పాలమూరు-రంగారెడ్డి పథకంలోని నార్లాపూర్ పంపుల సామర్థ్యం ఒక్కొక్కటి 145 మెగావాట్లు. ఇళ్ల దీపాల లెక్కతోనే కర్బన రహిత ప్రణాళిక పూర్తి కాదనుటకు ఇదే నిదర్శనం.

పగటి ఉత్పత్తి, రాత్రి అవసరం

సౌర పలకలు పగలే పనిచేస్తాయి. రాత్రి వేళ గ్రామం గ్రిడ్‌పైనే ఆధారపడుతుంది. మొధేరాలో ఇందుకు బ్యాటరీ నిల్వ వ్యవస్థను నెలకొల్పారు. నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉన్న శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలోని 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తిపోయగల రివర్సబుల్ యంత్రాలు. మిగులు విద్యుత్తును నీటి రూపంలో నిల్వచేసే వీలు ఇక్కడ ఉన్నది. గద్వాల వద్ద 234 మెగావాట్ల జూరాల, వనపర్తి జిల్లాలో 240 మెగావాట్ల దిగువ జూరాల కేంద్రాలు ప్రధానంగా వరద రోజులలోనే పూర్తి స్థాయిలో పనిచేస్తాయి.

సాగుకు సౌరశక్తి

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే నెలలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం ప్రారంభమైంది. రూ.12,600 కోట్ల వ్యయంతో 2.10 లక్షల గిరిజన రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలకు సౌర పంపుసెట్ల ద్వారా సాగునీరు అందించుట దీని లక్ష్యం. సౌర పంపుకు బిల్లు రాదు గనుక భూగర్భ జలాన్ని అతిగా తోడే ప్రమాదమూ ఉన్నది. బిందు సేద్యం, వర్షపు నీటి సంరక్షణ తోడైనప్పుడే ప్రయోజనం నిలుస్తుంది.

ఈ జిల్లాలలో మరిన్ని గ్రామాలకు ఈ విధానాన్ని విస్తరించునప్పుడు ఇంటి వాడకం, సాగునీటి ఎత్తిపోత, రాత్రి నిల్వ అను మూడు లెక్కలను విడివిడిగా చూపుట అవసరం. పక్కా కప్పు లేని కుటుంబాలకు ఉమ్మడి స్థలంలో పలకలు అమర్చే ఏర్పాటు ఉన్నపుడే పథకం ఫలితం ఊరంతటికీ అందుతుంది.