దాసుడైన రాజు: కొళచ్చెల్ విజయానంతర తిరువాంకూరు

‘అట్లు జరిగి ఉంటే’ అన్న ప్రశ్న జరిగినదాని విలువను చూపే దర్పణం. 1741లో కొళచ్చెల్ తీరాన డచ్చివారే గెలిచి ఉంటే, తిరువాంకూరు మిరియాలపై పెత్తనం వారి కంపెనీకే దక్కేది. ఆ రాజ్యం బహుశః వారికి సామంతమై ఉండేది. కాని గెలిచినవాడు మార్తాండవర్మ. బందీగా చిక్కిన డచ్చి సేనాని డిలనాయ్ చేతనే ఆయన తన సైన్యానికి ఐరోపా యుద్ధవిద్య నేర్పించాడు. మిరియాల వాణిజ్యాన్ని రాజ్యాధీనం చేశాడు.

ఇటువంటి జయం అహంకారానికి బీజం. అయితే 1750లో ఆయన రాజ్యాన్ని, ఖడ్గాన్ని అనంతపద్మనాభస్వామికి సమర్పించి ‘పద్మనాభదాసు’డైనాడు. అదే తృప్పడిదానం.

జయించి కలుపుకొన్న ప్రాంతాలలో తిరుగుబాటును దైవద్రోహంగా మార్చిన రాజనీతి ఇదని కొందరి వాదం. అందులో సత్యం లేకపోలేదు. కాని దాస్యం రాజునూ బంధిస్తుంది: యజమాని కానివాడు యజమానికి లెక్క చెప్పవలసినవాడే.

సమర్పణం కవచం కాలేదు. 1795 సంధితో ఆంగ్లేయుల ప్రాబల్యం స్థిరపడింది. అయినను 1949లో రాచరికం ముగిసేవరకు ఆ రాజులు పద్మనాభదాసులుగానే పాలించారు.

సామ్రాజ్యాలు ‘ఇది నాది’ అంటూ భూమిని పంచుకొన్న యుగంలో ఒక సింహాసనం ‘న మమ’ అన్నది. ఆ మాట ఓటమిలో పలకడం సులభం. విజయంలో పలకడమే సాధన.