శాపం నుండి ప్రవచనానికి: ‘కల్కి 2898 ఏడీ’ ప్రారంభ సన్నివేశంలో సౌప్తిక పర్వ పరిణామం

ప్రవేశిక

నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను ఆంధ్రీకరించాడు. వాటిలో సౌప్తికం ఒకటి. క్రీ.శ. 13వ శతాబ్దిలో పెన్నాతీరాన తెలుగైన ఆ అశ్వత్థామ కథే 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చలనచిత్రానికి ఆరంభ ఘట్టమయింది. దర్శకుడు నాగ్ అశ్విన్. ఈ చిత్రానికి మార్గదర్శకులుగా వ్యవహరించిన సింగీతం శ్రీనివాసరావు 1931లో నెల్లూరు మండలంలోని ఉదయగిరిలో జన్మించారు. ప్రళయానంతర ప్రపంచాన్ని చిత్రించే తెలుగు కథ తన ఆరంభాన్ని భారతంలో వెదకుకొన్నప్పుడు ఏది స్వీకరించింది, ఏది విడిచిపెట్టింది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

మూలంలోని ఘట్టం

సంస్కృత మూలంలో ఈ ఘట్టానికి ప్రేరణ ద్రౌపది. నిద్రిస్తున్న ఉపపాండవులను, ధృష్టద్యుమ్నుని అశ్వత్థామ సంహరించాడని విని ఆమె ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. ద్రోణపుత్రుని శిరోమణిని తెచ్చి ధర్మరాజు తలపై నిలిపితేనే తాను బ్రతుకుతానంటుంది. ఆమె మాటపై భీముడు బయలుదేరుతాడు, కృష్ణార్జునులు అతనిని అనుసరిస్తారు. గంగాతీరంలో వ్యాసాది మునుల నడుమ ఉన్న అశ్వత్థామ గడ్డిపరకను అస్త్రంగా ప్రయోగిస్తాడు. అర్జునుడు ప్రత్యస్త్రం విడిచినా, వ్యాసనారదులు నిలువరించగా ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు ఆ శక్తి లేదు. అతని అస్త్రం పాండవస్త్రీల గర్భాలపైకి మళ్లుతుంది. అప్పుడు కృష్ణుడు శపిస్తాడు: మూడువేల ఏండ్లు, చీమూ నెత్తురూ వాసనతో, పలుకరించే తోడు లేక, అరణ్యాలలో తిరుగవలసిందని.

ఆ శాపంలో విమోచన ప్రసక్తి లేదు. పరీక్షిత్తును కృష్ణుడు బ్రతికిస్తాడు, మణి ద్రౌపదికి చేరుతుంది. ఆమె గురుపుత్రుడు గురుసమానుడని శాంతిస్తుంది. అంటే నేరం, ఫిర్యాదు, దండన, ఉపశమనం అనే నాలుగు మెట్లూ మూలంలో పూర్తవుతాయి.

తెరపై జరిగిన మార్పులు

చలనచిత్రం యుద్ధం ముగిసిన కురుక్షేత్రంలో తెరలేస్తుంది. కృష్ణుడు అశ్వత్థామను అమరత్వంతో శపించి, లోకం చీకటిలో మునిగినప్పుడు జన్మించబోయే తన అవతారాన్ని కాపాడడమే అతనికి పాపవిమోచనమని చెబుతాడు. ఆపై కథ ఆరువేల ఏండ్లు దాటి, భూమిపై మిగిలిన చివరి నగరమైన కాశిని చేరుతుంది. ఈ చిన్న సన్నివేశంలో మూడు మార్పులు గమనింపదగినవి.

మొదటిది స్థలం. శాపఘట్టం గంగ ఒడ్డు నుండి రణభూమికి తరలింది. గంగ కథలోకి తిరిగి వచ్చేసరికి ఎండిపోయి ఉంది. నీటి ఒడ్డున మునులు మధ్యవర్తులుగా నిలిచిన దృశ్యానికి బదులు, శవాల నడుమ ఇద్దరే మిగిలిన దృశ్యం ఏర్పడింది.

రెండవది కాలం. కలియుగారంభంగా సంప్రదాయం చెప్పే క్రీ.పూ. 3102కు 2898 కలిపితే 6000 వస్తుంది. శూన్య సంవత్సరం లేనందున కచ్చితమైన లెక్క 5999 అవుతుంది. యుద్ధానికీ కృష్ణనిర్యాణానికీ నడుమ భారతం చెప్పే 36 ఏండ్లు కూడా ఈ లెక్కలో లీనమయ్యాయి. పురాణాలు కలియుగానికి 4,32,000 ఏండ్లు విధించగా చిత్రం ఆరువేల ఏండ్లకే కల్కి జననాన్ని సమీపింపజేసింది. ఇది తెలుగువారికి కొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మం పేర నిలిచిన కాలజ్ఞాన సంప్రదాయం కూడా వీరభోగ వసంతరాయల రాకను లక్షల ఏండ్లకు వాయిదా వేయలేదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, శాపస్వభావం. మూలంలో శాపం కథకు ముగింపు. చిత్రంలో అది కర్తవ్యం. ఏ గర్భాన్ని చంపబోయాడో అటువంటి గర్భానికే కాపరి కావడం నాటకీయంగా బలమైన కల్పన. అయితే దానికి మూల్యం ఉంది. దండనను కోరిన ద్రౌపదికి తెరపై చోటు లేదు. నేరానికి బాధితులైన తల్లుల దుఃఖం తొలగి, రక్షింపవలసిన గర్భం మాత్రమే మిగిలింది. తరువాతి కథలో స్త్రీలను సంతానశక్తి కోసమే బంధించే పాలనను చిత్రం ఖండిస్తుంది. కాని దాని ప్రారంభ సన్నివేశమే స్త్రీ వాక్కును విడిచి గర్భాన్ని నిలుపుకొన్నది. ఈ వైరుధ్యాన్ని చిత్రం పరిష్కరించలేదు.

‘ఆదిత్య 369’తో పోలిక

సింగీతం దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లోనూ శిథిల ప్రపంచం ఉంది. అయితే అది కథారంభంలో రాదు. యాత్రికులు 1526 నాటి విజయనగరాన్ని చూచిన పిమ్మట 2504ను చేరి, అణుయుద్ధం తరువాత భూగర్భంలో జీవిస్తున్న మానవులను కలుస్తారు. అక్కడి వినాశానికి కారణం మానవుల నిర్ణయం, తిరిగి రావడానికి యంత్రం ఉంది. కనుక ఆ దృశ్యం హెచ్చరిక. పాశ్చాత్య చిత్రాలలో ‘మ్యాడ్ మ్యాక్స్ 2’ (1981) సైతం యుద్ధాన్నీ ఇంధనపు కొరతనూ కారణాలుగా పేర్కొంటూనే మొదలవుతుంది. ‘కల్కి’ ప్రారంభం వినాశకారణాన్ని చెప్పదు, వినాశాన్ని ముందే పలుకబడిన మాటగా నిలుపుతుంది. హెచ్చరిక నుండి ప్రవచనానికి జరిగిన ఈ మార్పుతో ప్రేక్షకుని బాధ్యత తగ్గి నిరీక్షణ పెరిగింది.

ప్రళయమన్న మాట

భాగవతం ద్వాదశ స్కంధం నిత్య, నైమిత్తిక, ప్రాకృత, ఆత్యంతికములని ప్రళయాన్ని నాలుగు విధాలుగా విభజించింది. వ్యవహారంలో అన్నిటికీ ఒకే మాట వాడుతున్నాము. నెల్లూరుకు తూర్పున పెన్న దక్షిణపు వైపు మైపాడు సముద్రతీరం దాకా వ్యాపించిన ఇందుకూరుపేట ప్రాంతానికి ప్రళయం పుస్తకంలోని మాట మాత్రమే కాదు. 2004 డిసెంబరు 26న సునామీ నెల్లూరు తీరాన్ని తాకింది. అటువంటి ఉపద్రవానికి శపించదగిన ద్రోహి ఉండడు. సౌప్తికంలోని వినాశానికి ద్రోహి ఉన్నాడు, పేరుంది, ఫిర్యాదుదారు ఉంది. ఈ రెండింటినీ విధి అనే ఒకే గాటన కట్టడం వల్ల మానవకృత నేరం ప్రకృతిసహజంగా కనిపించే ప్రమాదముంది.

ముగింపు

సౌప్తిక పర్వాన్ని ప్రళయానంతర కథకు నాందిగా ఎన్నుకోవడం తెలుగు చలనచిత్రం చేసిన సార్థకమైన ఎంపిక. లోకనాశానికి మూలం పుట్టని బిడ్డపై జరిగిన నేరమన్న భావన ఇతర భాషల ఇటువంటి చిత్రాలలో సులభంగా దొరకదు. కాని తిక్కన తెనిగించిన కథలో శాపానికి ముందు ఒక తల్లి కూర్చున్నది. ఆమెను దాటి నేరుగా భవిష్యవాణిని చేరడం వల్ల ప్రారంభ సన్నివేశం ఘనతను సంపాదించుకొని న్యాయవిచారణను కోల్పోయింది. భారతాన్ని ఆధారం చేసుకొనే రాబోయే చిత్రాలను పరిశీలించేటప్పుడు, ఎవరు శపించారన్న ప్రశ్నతో పాటు శిక్షను ఎవరు అడిగారన్న ప్రశ్నను కూడా వేయడం అవసరం.