గడువు దాటినా తిరుగుదారి ఉంది
విదేశాల్లో వీసా కాలం మీరినవారు పత్రాలతో బయటపడే మార్గాలు

మియాపూర్: విదేశానికి వెళ్లేటప్పుడు వీసా కోసం కాళ్లరిగేలా తిరిగేవారు, తిరిగి వచ్చేటప్పుడు ఏ కాగితం కావాలో ఆలోచించడం అరుదు. అనుమతించిన గడువు దాటిపోయాక గాని ఆ సంగతి గుర్తుకు రాదు. అప్పటికి జరిమానా పెరిగి ఉంటుంది, భయం పట్టుకుని ఉంటుంది. ఆ భయంతో దాక్కున్నవారే అందరికన్నా ఎక్కువగా నష్టపోతున్నారు. గడువు మీరడం తప్పే. అయినా ఆ దేశపు చట్టం ప్రకారం అనుమతి పొంది, దేశం విడిచినట్లు నమోదు చేయించుకుని స్వదేశం చేరే మార్గం దాదాపు అన్నిచోట్లా ఉంది. రాక ఎలా నమోదైందో పోక కూడా అలాగే నమోదు కావాలన్నదే ఇందులోని కీలకం.

ముంబయి జాతీయ రహదారిపై ఉన్న మియాపూర్‌కు ఈ విషయం రెండు విధాల సంబంధించినది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్న కుటుంబాలు అనేకం. కూతురి కాన్పుకని, మనవల ఆలనాపాలనకని పెద్దలు నెలల తరబడి అక్కడికి వెళ్లి వస్తుంటారు. మరోవైపు మెదక్, సంగారెడ్డి వైపు నుంచి గల్ఫ్ దేశాలకు కూలి పనులకు వెళ్లేవారు ఈ దారినే శంషాబాద్ చేరుతుంటారు. ఇద్దరి చేతిలోనూ ఉండేది ఒకే రంగు పాస్‌పోర్టు. గడువు మీరితే ఎదురయ్యే చిక్కులు మాత్రం దేశాన్ని బట్టి వేరువేరుగా ఉంటాయి.

వీసా గడువు వేరు, బస గడువు వేరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అమెరికా సందర్శక వీసా మన దేశస్థులకు సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. పదేళ్ల వీసా ఉంది కదా అని అన్నాళ్లూ అక్కడే ఉండటానికి వీల్లేదు. వీసా అన్నది తలుపు తట్టడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే పత్రంలో ఉంటుంది. సందర్శకులకు సాధారణంగా 6 నెలలు ఇస్తారు. ఈ పత్రాన్ని అమెరికా సరిహద్దు భద్రతా విభాగం వెబ్‌సైట్‌లో ఎవరికి వారే చూసుకోవచ్చు. దిగిన వారంలోనే చూసి, ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్‌పై రాసి పెట్టుకోవడం మేలు. అనారోగ్యం వంటి కారణాలతో మరికొంత కాలం ఉండవలసి వస్తే గడువు ముగియక ముందే ఐ-539 దరఖాస్తు చేయాలి.

ఉద్యోగుల సంగతి వేరు. హెచ్-1బి వీసాపై ఉన్నవారు ఉద్యోగం కోల్పోతే గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. వారి అనుమతి కాలం అంతకు ముందే ముగిసేటట్లయితే ఆ తేదీ వరకే ఇది వర్తిస్తుంది. ఈలోగా కొత్త యజమాని దరఖాస్తు చేయాలి, లేదా వీసా తరగతి మార్పు కోరాలి, లేదా దేశం విడవాలి.

గల్ఫ్‌లో రెండు కాగితాలు

గల్ఫ్‌లో సరైన పత్రాలు లేకుండా ఉండిపోయినవారిని మనవారు ‘ఖల్లివల్లి’ అంటారు. విజిట్ వీసాపై వెళ్లి పనిలో చేరినవారు, జీతం ఇవ్వని కఫీల్‌ను వదిలి బయటపడినవారు, అకామా పునరుద్ధరణ జరగక చిక్కుకున్నవారు ఈ కోవలోకి వస్తారు. వీరికి పని దొరికినా ధైర్యం ఉండదు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాలంటే భయం. కన్నతల్లి పోయిందని కబురు వచ్చినా కడచూపునకు రాలేని దుస్థితి. తెలంగాణ పల్లెల్లో ఏళ్ల తరబడి ఇలా ఎదురుచూసిన కుటుంబాలు ఎన్నో.

ఇలాంటివారు తిరిగి రావడానికి రెండు కాగితాలు కావాలి. ఈ రెంటినీ ఒకటిగా భావించడంతో పలువురు విమానాశ్రయం దాకా వెళ్లి వెనుదిరగవలసి వస్తోంది.

మొదటిది భారత రాయబార కార్యాలయం ఇచ్చే అత్యవసర ధ్రువపత్రం. మనవారు దీనినే ఔట్‌పాస్ అంటారు. పాస్‌పోర్టు పోయినా, కాలం తీరినా, యజమాని వద్ద చిక్కుకున్నా దీనిని ఇస్తారు. స్వదేశానికి ఒక్కసారి ప్రయాణించడానికే ఇది చెల్లుతుంది. దరఖాస్తుదారు భారతీయుడేనని తేలాలి కాబట్టి పాత పాస్‌పోర్టు నకలు, ఇతర గుర్తింపు పత్రాలు ఇంటి నుంచి పంపితే పని సులువవుతుంది.

రెండవది ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే నిర్గమన అనుమతి. ఔట్‌పాస్ మన గడ్డపై అడుగు పెట్టనిస్తుందే గాని, ఆ గడ్డ దాటనివ్వదు. బకాయి జరిమానా, యజమాని పెట్టిన పరారీ ఫిర్యాదు, బ్యాంకు అప్పు, పోలీసు కేసు ఇవన్నీ ఈ దశలోనే బయటపడతాయి. యజమాని చేసిన పరారీ ఫిర్యాదును సౌదీలో ‘హురూబ్’ అంటారు. కేసుల వల్ల ప్రయాణ నిషేధం ఉంటే ముందుగా దానిని తొలగించుకోవాలి. అందువల్ల విమానం టికెట్ కొనడం చిట్టచివరి పనిగా పెట్టుకోవాలి.

జరిమానా చిన్నదేమీ కాదు. యూఏఈలో 2022 నుంచి గడువు మీరిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల చొప్పున లెక్కిస్తున్నారు. 300 రోజులు దాటితే 15 వేల దిర్హాములు. మన రూపాయల్లో మూడు లక్షలకు పైమాటే. నెలకు వెయ్యి దిర్హాముల కూలికి వెళ్లినవారికి అది ఏడాది సంపాదనకు మించినది. రేపు చూద్దామనుకుంటూ ఆగిన ప్రతి రోజూ అప్పు పెరుగుతున్నట్లే లెక్క.

క్షమాభిక్ష కోసం కాచుకోవద్దు

గల్ఫ్ ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుంటాయి. యూఏఈ 2007లోను, 2012 డిసెంబరు నుంచి 2013 ఫిబ్రవరి వరకు, 2018 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఇలాంటి అవకాశం ఇచ్చింది. చివరగా 2024 సెప్టెంబరు 1న మొదలైన క్షమాభిక్షను అక్టోబరు 31తో ముగించాలని తొలుత భావించినా డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఆ కాలంలో బయటపడినవారికి జరిమానా మాఫీ చేసింది, తిరిగి రాకుండా నిషేధం కూడా విధించలేదు. కువైట్ 2018లోను, 2024 మార్చి నుంచి జూన్ వరకు ఇదే తరహా వెసులుబాటు కల్పించింది. సౌదీలో నితాఖత్ అమలైన 2013లో నవంబరు 3 వరకు ఇచ్చిన గడువును వినియోగించుకుని లక్షమందికి పైగా భారతీయులు స్వదేశం చేరారు.

అయితే యూఏఈలో 2013 తరవాత మళ్లీ క్షమాభిక్ష రావడానికి అయిదేళ్లకు పైగా పట్టింది. దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా తనిఖీల్లో పట్టుబడే ప్రమాదం ఉంది. పట్టుబడినవారి వేలిముద్రలు తీసుకుని పంపివేస్తారు. ఆ తరవాత మళ్లీ ఆ దేశానికి వెళ్లడం కష్టం. క్షమాభిక్ష ఉన్నా అది వీసా తప్పిదాలకే గాని, అప్పులకు, క్రిమినల్ కేసులకు వర్తించదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అమెరికాలో రోజుల లెక్కే శిక్ష

అమెరికాలో రోజువారీ జరిమానా కన్నా, రోజుల లెక్క ప్రధానం. 1996లో చేసిన చట్టం ప్రకారం, ఐ-94 తేదీ దాటి 180 రోజులకు మించి, ఏడాదిలోపు ఉండి బయటకు వచ్చినవారు మూడేళ్లపాటు తిరిగి వెళ్లలేరు. ఏడాది, ఆపైన ఉన్నవారికి ఈ నిషేధం పదేళ్లు. గడువు మీరితే చేతిలోని పదేళ్ల వీసా కూడా చెల్లకుండా పోతుంది. అంటే 170వ రోజున బయలుదేరినవారికి, 190వ రోజున బయలుదేరినవారికి మధ్య తేడా 20 రోజులు కాదు, మూడేళ్లు. మనవడి పుట్టినరోజు చూసి వద్దామని ఆగిన అమ్మమ్మ, ఆ తరవాతి మూడు పుట్టినరోజులకూ దూరం కావచ్చు.

అమెరికాలో బయలుదేరేటప్పుడు పాస్‌పోర్టుపై ముద్ర వేయరు. విమానయాన సంస్థ పంపే వివరాల ఆధారంగా నిష్క్రమణ నమోదవుతుంది. రోడ్డు మార్గాన కెనడా, మెక్సికోలకు దాటినవారి నమోదు ఒక్కోసారి జరగకపోవచ్చు. అందుకే బోర్డింగ్ పాస్‌ను, ఇక్కడ దిగినప్పుడు వేసిన ముద్రను జాగ్రత్తగా దాచుకోవాలి. తరవాతి వీసా ఇంటర్వ్యూలో అవే సాక్ష్యం.

చట్టబద్ధంగా బయటపడటం ఎంత ముఖ్యమో ఫార్మింగ్టన్ ఉదంతం తెలిపింది. మిషిగన్ రాష్ట్రంలో ఇమ్మిగ్రేషన్ అధికారులే రహస్యంగా నెలకొల్పిన ఈ నకిలీ విశ్వవిద్యాలయంలో తరగతులు లేకుండానే పేరు నమోదు చేసుకున్న విద్యార్థులను 2019 జనవరి చివర్లో అరెస్టు చేశారు. తొలి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారే అధికులు. ఆ ఏడాది నవంబరు నాటికి అరెస్టుల సంఖ్య 250కి చేరగా, వారిలో సుమారు 80 శాతం మంది ‘స్వచ్ఛంద నిష్క్రమణ’కు అనుమతి పొంది దేశం విడిచినట్లు అధికారులు తెలిపారు. ఈ అనుమతి పొంది, చెప్పిన తేదీలోగా వెళ్లినవారి పేరిట బహిష్కరణ ఉత్తర్వు ఉండదు. అనుమతి తీసుకుని కూడా వెళ్లకపోతే మాత్రం జరిమానా, పదేళ్ల అనర్హత తప్పవు. కేసు ఉన్నవారు న్యాయవాదిని సంప్రదించకుండా విమానం ఎక్కరాదు.

బలవంతంగా పంపివేస్తే ఎలా ఉంటుందో 2025 ఫిబ్రవరి 5న దేశమంతా చూసింది. ఆ రోజు 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. వారిలో అధికులు దొడ్డిదారిన సరిహద్దు దాటినవారు. ప్రయాణమంతా సంకెళ్లతోనే సాగింది. సొంత టికెట్‌పై, సొంత పెట్టెతో ఇంటికి రావడానికీ, దానికీ ఉన్న తేడా వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడి విదేశీయులకూ ఇదే సూత్రం

ఐటీ కారిడార్‌లో చదువు, ఉద్యోగం, వైద్యం కోసం వచ్చి అద్దెకు ఉంటున్న విదేశీయులకూ నిబంధనలున్నాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం, వీసా గడువు మీరి మన దేశంలో ఉన్నవారికి మూడేళ్ల వరకు జైలు, మూడు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గడువు దాటినవారు నేరుగా విమానాశ్రయానికి వెళ్లరాదు. 2018లో మొదలైన ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వో పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసి, జరిమానా చెల్లించి, నిర్గమన అనుమతి తీసుకోవాలి. విదేశీయులకు ఇల్లు ఇచ్చినవారు ఆ సమాచారాన్ని అధికారులకు తెలపడం తప్పనిసరి. చూసీచూడనట్లు ఊరుకుంటే యజమాని కూడా చిక్కుల్లో పడతారు.

ఇంటివారు చేయవలసినవి

- ప్రయాణానికి ముందే పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం నకళ్లు తీసి ఇంట్లో ఉంచుకోవాలి. పాస్‌పోర్టు పోయిన రోజున ఆ నకలే ఆధారం.
- గడువు తేదీకి నెల ముందే ఫోన్ చేసి గుర్తు చేయాలి.
- చిక్కుల్లో పడితే ముందుగా అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయవచ్చు.
- నిరుపేద కార్మికులకు టికెట్, న్యాయ సహాయం కోసం రాయబార కార్యాలయాల వద్ద 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. కార్మికుడి తప్పు లేదని తేలితే చిన్నపాటి జరిమానాలను కూడా దీని నుంచి చెల్లించే వీలుంది. అడగకపోతే అందదు.
- నకిలీ ఎగ్జిట్ ముద్రలు వేయిస్తామనే దళారులను నమ్మరాదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, వీసా తప్పిదం కాస్తా ఫోర్జరీ కేసుగా మారుతుంది.
- పత్రాలన్నీ అందాకే టికెట్ కొనాలి. వచ్చాక బోర్డింగ్ పాస్, జరిమానా రసీదు, నిర్గమన అనుమతి నకలు పారవేయకూడదు.

పోయిన రోజులను ఎవరూ వెనక్కి తేలేరు. కానీ లెక్క పెరగకుండా ఆపడం మాత్రం ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. రాయబార కార్యాలయం మెట్లెక్కిన రోజునే ఆ లెక్కకు కళ్లెం పడే దారి మొదలవుతుంది.