పడనితనము

మన యిండ్లలో ‘పడదు’ అను మాట మిక్కిలి పాతది. ఒకరికి వంకాయ పడదు; ఒకరికి రొయ్యలు పడవు; ఒకరికి ధూళి సోకినంతనే ఉబ్బసము వచ్చును. పంక్తిలో అందఱును సుఖముగా భుజించిన పదార్థమే ఒకరికి మాత్రము విషమగుట ఎట్లు? సమాధానము తెలియని కాలమున కొందఱు దీనిని కర్మమనిరి. కొందఱు దిష్టి యనిరి. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు ‘నాకిది పడదు’ అన్నచో, అది వంకయని యెంచి బలవంతముగా తినిపించినవారును లేకపోలేదు. ఆ మాట వెనుకనున్న సత్యము వెల్లడి యగుటకు దాదాపు తొంబది యేండ్లు పట్టెను.

1878లో పాల్ ఏర్లిఖ్ అను జర్మను యువకుడు లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధన వ్యాసమున ఒక విచిత్రమైన కణమును వర్ణించెను. అనిలిన్ రంగులతో అద్దినపుడు దాని నిండ రేణువులు కానవచ్చెను. ఇది బాగుగా మేసి బలిసిన కణమని తలంచి, తన భాషలో మేపుటను దెలుపు ‘మాస్ట్’ అను పదముతో దానికి పేరిడెను. పేరు నిలిచినది గాని ఊహ నిలువలేదు. ఆ రేణువులు ఆహారము గావు, ఆయుధములు. ఆ సంగతి ఆయన జీవితకాలమున ఎవరికిని తెలియదు.

1901లో షార్ల్ రిషే, పోల్ పోర్టియే అను ఫ్రెంచి పండితులు మొనాకో రాజు నౌకపై సముద్రయానము చేయుచు, కుట్టెడు జలజీవుల విషమును పరిశీలింప నారంభించిరి. పారిసునకు మరలివచ్చి సముద్రపు టనిమొనీ విషమును కుక్కల కెక్కించిరి. మొదటి మోతాదుకు తాళుకొనిన కుక్క, కొన్ని వారములు గడచినపిమ్మట అత్యల్పమైన రెండవ మోతాదుకే నిమిషములలో మరణించెను. అలవాటు రక్షించునని వా రాశించిరి, అలవాటే చంపెను. 1902లో వారు దీనికి ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టిరి. ఇందులకు రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘అలర్జీ’ అను పదమును కల్పించెను.

పేర్లు కుదిరినవి గాని కారణము దొరకలేదు. 1921లో బ్రెస్లౌ నగరమున ప్రౌస్నిట్స్, క్యుస్ట్‌నర్ అను వైద్యులు ఒక సాహసము చేసిరి. క్యుస్ట్‌నరునకు వండిన చేప పడదు. ఆయన రక్తరసమును ప్రౌస్నిట్స్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మఱునాడు ఆ చోటనే చేప సారమును పొడిపించుకొనగా, దద్దు లేచెను. పడనితనము మనస్సులో లేదు, రక్తములో నున్నదని దీనిచే తేలెను. రక్తములోని ఆ పదార్థ మేది? 1966లో డెన్వరు నగరమున కిమిషిగె ఇషిజాకా, ఆయన భార్య తెరుకో ఇషిజాకా దానిని పట్టుకొనిరి. స్వీడను దేశమున యోహాన్సన్, బెన్నిక్ అనువారును వేఱు త్రోవను దానినే చేరిరి. 1968లో దానికి ‘ఇమ్యూనోగ్లోబ్యులిన్-ఇ’ యను పేరు స్థిరపడెను. ఇంతకుముందే, 1953లో, దద్దునకు మూలమగు హిస్టమిన్ మాస్ట్ కణములలో నున్నదని రైలీ, వెస్ట్ అనువారు నిరూపించిరి.

ఇప్పుడు గొలుసు పూర్తియైనది. పడని వస్తువు మొదట సోకినపుడు శరీరము ఈ ‘ఇ’ మాంసకృత్తును పుట్టించును. అది మాస్ట్ కణము పైనున్న గ్రాహకములను పట్టుకొని కావలి కూర్చుండును. ఆ వస్తువు మఱల వచ్చి ప్రక్కప్రక్కనున్న రెండింటిని కలిపి పట్టినంతనే లోపల కబురు బయలుదేరును. ‘లిన్’ అను మాంసకృత్తు గ్రాహకపు తోకకు ఫాస్ఫేటు నంటించును. ఆ గుర్తును జూచి ‘సిక్’ వచ్చి చేరును. అది ‘లాట్’ను మేల్కొలుపును. ఇట్లు చేతినుండి చేతికి కబురు పోగా కణములో కాల్షియము పెరిగి, రేణువులు వెలికి చిమ్మబడును. నిమిషములలో దద్దురులు లేచును, ఊపిరిగొట్టములు బిగియును, రక్తపుపోటు పడిపోవును. పురుగులనుండి దేహమును గాచుటకై యేర్పడినదని తలంపబడు కావలియే, చేపముక్కను శత్రువని భ్రమించి యింటికి నిప్పు పెట్టును.

‘పడదు’ అన్న ప్రతిమాటయు అలర్జీ కాదు. పాలు జీర్ణింపకపోవుట వేఱు, ఇష్టము లేకపోవుట వేఱు. ఏది యేదో వైద్యుడు పరీక్షించి చెప్పవలెను. కాని పరీక్షకు ముందు వినుట యవసరము. పడదన్నవారికి దాచి తినిపించుట పరిహాసము గాదు, ప్రాణాపాయము. తిన్నవెంటనే పెదవులు వాచి, ఊపిరాడక, సొమ్మసిల్లినచో మంత్రమునకును, దిష్టి తీయుటకును సమయము లేదు. తొడకండలో ఎక్కించెడు అడ్రినలిన్ సూదిమందే ప్రథమచికిత్స. అది లభించు వైద్యశాలకు తత్‌క్షణమే కొనిపోవలెను. తన చర్మమును పణముగా నొడ్డి ఒక వైద్యుడు మిత్రుని మాటను నిజమని చూపెను. మన యింటివారి మాటను నమ్ముటకు మనకు ఆపాటి సాహసమైనను అక్కరలేదు.